కలుషితమైన పొలంలో హెంప్ వేస్తే నేల బాగుపడుతుందా, ఊరికి ఆదాయం వస్తుందా?

మీరు అడిగింది ఇదీ. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు పక్కన మీకు నాలుగెకరాలుంది. ఫ్యాక్టరీల నీళ్లు కలిసి పొలం పాడైంది, వరి మానేసి చాలా ఏళ్లయింది. హెంప్ వేస్తే నేలలోని విషాన్ని పీల్చేస్తుందని, నార అమ్ముకుంటే డబ్బూ వస్తుందని, చుట్టుపక్కల రైతులు కలిసొస్తే ఊరు మళ్లీ నిలబడుతుందని వీడియోల్లో చూశారు. ఇది నిజమేనా, విత్తనం ఎక్కడ దొరుకుతుంది అన్నారు.

విత్తనం కోసం మాత్రం దయచేసి ఇప్పుడే వెతకొద్దు. హెంప్ అన్నా గంజాయి అన్నా మొక్క ఒక్కటే. మత్తునిచ్చే టీహెచ్‌సీ బాగా తక్కువ ఉండేలా ఎంచిన రకాలను హెంప్ అంటారు. అమెరికాలోనూ ఐరోపా యూనియన్‌లోనూ ఆ హద్దు 0.3 శాతం. మత్తుమందులను అదుపు చేసే మన ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది. అందులో ఈ శాతం ప్రస్తావనే లేదు. అనుమతి లేకుండా ఆ మొక్క పెంచితే 10 ఏళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. నార కోసం, విత్తనం కోసం సాగు చేసుకోవడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇవ్వొచ్చని అదే చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. ఆ దారిలో లైసెన్సు ఇచ్చిన మొదటి రాష్ట్రం ఉత్తరాఖండ్, 2018లో. రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు కాగితం చేతిలో లేకుండా ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మే గింజలు తెచ్చి చల్లితే పొలం సమస్య పక్కకు పోయి మీ మీద కేసు మిగులుతుంది. అల్లూరి జిల్లా ఏజెన్సీలో గంజాయి తోటలు నరికించడం మీద రెండు రాష్ట్రాల పోలీసులూ ఎంత పట్టుదలగా ఉన్నారో మీకు తెలుసు.

ఇక అసలు సంగతి. నా పనంతా నేల కాలుష్యం మీదే. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో ఎక్కువమంది మీలాగే పొలం ఉండీ పంట లేనివాళ్లు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తినే పంట వేయకూడని నేల నుంచి ఎంతో కొంత ఆదాయం రాబట్టడానికి హెంప్ పనికొస్తుంది, అదీ దగ్గర్లో మిల్లు, స్థిరమైన చట్టం రెండూ ఉంటేనే. నేలను శుభ్రం చేస్తుందన్న ఆశతో మాత్రం వేయకండి.

ఎందుకో ఒక లెక్క చూడండి. ఎకరం పొలంలో పైన 20 సెంటీమీటర్ల మట్టి సుమారు వెయ్యి టన్నుల బరువుంటుంది. కిలో మట్టిలో 1 మిల్లీగ్రాము కాడ్మియం (ఒక విషపు భారలోహం) ఉందంటే ఎకరం మొత్తం మీద 1 కిలో కాడ్మియం ఉన్నట్టు. జర్మనీలో భారలోహాలతో పాడైన నేలలో హెంప్ పెంచి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. పంట ఒక సీజన్‌లో హెక్టారుకు 126 గ్రాముల కాడ్మియం తీయగలదని వాళ్లు అంచనా వేశారు. ఎకరానికి చూస్తే 50 గ్రాములు. అంటే కిలోకు 1 మిల్లీగ్రాము తగ్గాలన్నా, ప్రతిసారీ అంతే బాగా పీల్చినా, 20 పంటలు కావాలి. లోహం తగ్గేకొద్దీ మొక్కకు అందేదీ తగ్గుతుంది కాబట్టి నిజంగా పట్టే కాలం ఇంకా ఎక్కువ. సీసం సంగతైతే అసలు చెప్పక్కర్లేదు. అది మట్టి రేణువులకు గట్టిగా అంటుకుని ఉంటుంది, వేరు దాటి పైకి రావడమే కష్టం.

మరి అంత ప్రచారం ఎక్కడిది అంటే, చాలావరకు అణు ప్రమాదం జరిగిన చెర్నోబిల్ నుంచి వచ్చింది. 1998లో ఫైటోటెక్ అనే అమెరికా కంపెనీ, ఉక్రెయిన్‌లోని నార పంటల పరిశోధన సంస్థ కలిసి చెర్నోబిల్ చుట్టుపక్కల హెంప్ నాటించారు. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ ప్రతి వీడియోలో అదే చూపిస్తారు. నాటారన్నది నిజం. నాటిన మాట ఒక్కటే చెప్పి నేల శుభ్రమైపోయిందని ముగిస్తారు, అక్కడే తప్పు జరుగుతోంది.

హెంప్‌కు ఉన్న నిజమైన బలం తట్టుకోవడం. మిగతా పైర్లు పసుపు తిరిగిపోయే నేలలో కూడా అది నాలుగు నెలల్లో మనిషిని మించి ఎదుగుతుంది. వేరు లోతుకు పోతుంది, దట్టంగా చల్లితే కలుపును లేవనివ్వదు. పోలండ్‌లోని గ్వోగూఫ్ రాగి కర్మాగారం చుట్టూ, బల్గేరియాలో ప్లోవ్‌దివ్ దగ్గర సీసం, జింకు కరిగించే కర్మాగారం పక్కన పరిశోధకులు ఇందుకే నార పంటలను పరీక్షించారు. ఆ పనుల వెనుక ఉన్న ఆలోచన ఇది: ఆ నేలలో గోధుమ వేసి జనానికి పెట్టేకన్నా నార తీసి పరిశ్రమకు ఇవ్వడం మేలు. నాకు ఈ ఆలోచన చాలా నచ్చుతుంది, ఎందుకంటే ఇది నేలకు ఉన్న రోగాన్ని ఒప్పుకుని మొదలవుతుంది.

మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉన్న కథ ఇటలీ దక్షిణాన టరాంటోది. అక్కడి ఇల్వా ఉక్కు ఫ్యాక్టరీ 1965లో మొదలైంది, ఐరోపాలోనే అతి పెద్దదిగా పేరు. దానికి దగ్గర్లో మస్సేరియా కార్మినే అనే పొలం ఉంది, ఫోర్నారో కుటుంబానిది. తరాలుగా వాళ్ల బతుకు గొర్రెలు, మేకలు, పాలు, జున్ను. 2008లో అక్కడి పాల ఉత్పత్తుల్లో డయాక్సిన్ అనే విష రసాయనం బయటపడింది. ఆ కుటుంబం మందలో ఆరువందల దాకా జీవాలను అధికారులు తీసుకెళ్లి చంపించారు. ఆ తర్వాత ఫ్యాక్టరీ చుట్టూ 20 కిలోమీటర్ల పరిధిలో బీళ్లలో జీవాలను మేపకూడదని నిషేధం వచ్చింది. పొలం ఉంది, నీళ్లున్నాయి, చేయడానికి పనే లేదు. 2014లో వాళ్లు హెంప్ చల్లారు. నల్లటి పొగగొట్టాల ముందు పచ్చటి చేను ఫోటోలు పేపర్లన్నీ వేశాయి.

నేలలోని డయాక్సిన్‌ను హెంప్ తాగేసిందా? డయాక్సిన్ స్వభావం తెలిస్తే అలా ఆశించలేం. అది నీళ్లలో కరగదు, మట్టిలోని సేంద్రియ పదార్థానికి అతుక్కుపోతుంది, చాలా మొక్కల వేర్లకు అందదు. గుమ్మడి, జుకినీ జాతి మాత్రం మిగతా వాటికన్నా ఎక్కువగా లాక్కుంటుందని 1990లలోనే జర్మనీలో చూశారు. పైగా గొట్టం నుంచి పొగ వస్తూనే ఉంటే ఈ ఏడాది తీసింది వచ్చే ఏడాది మళ్లీ పైనుంచి రాలుతుంది. అయినా ఫోర్నారో కుటుంబం చేసింది వృథా అని నేను అనను. పొలం బీడు పడకుండా ఆగింది, తిండిలోకి విషం పోలేదు, రైతు రైతుగా మిగిలాడు, వాళ్ల సమస్య దేశమంతటికీ తెలిసింది. ఇవన్నీ సాధ్యం కావడానికి ఒక మామూలు కారణం ఉంది. టరాంటో పక్కనే క్రిస్పియానో అనే ఊళ్లో కాడ నుంచి నార తీసే మిల్లు ఉంది. దేశం మొత్తం మీద అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్న రోజుల్లో అది వాళ్ల పొరుగున ఉంది.

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో మూతపడ్డ లోరింగ్ వైమానిక స్థావరం దగ్గర మిక్‌మాక్ ఆదివాసీలు కూడా ప్రయత్నించారు. మంటలార్పే నురుగులో వాడిన పీఎఫ్‌ఏఎస్ రసాయనాలు అక్కడి నేలలో ఇంకిపోయాయి. 2019లో హెంప్ వేసి, కనెక్టికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లతో కలిసి కొలిచారు. మొక్కలోకి రసాయనం వచ్చిన మాట నిజం, కానీ ఒక సీజన్‌లో పోయింది నేలలో ఉన్నదానితో పోలిస్తే చాలా స్వల్పం. ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించారు, వాళ్ల మీద నాకు గౌరవం.

ఇప్పుడు వీడియోల్లో అస్సలు చెప్పని విషయం, పీల్చిన లోహం ఎక్కడికి పోతుంది? లోహం కాబట్టి మాయం కాదు. జర్మనీ అధ్యయనంలో అన్నిటికన్నా ఎక్కువ దొరికింది ఆకుల్లో. నార పంట ఎలా తీస్తారో శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగు పండించినవాళ్లను అడగండి. కాడలు కోసి కట్టలు కట్టి, ఆకు రాలేదాకా చేలోనే నిలబెడతారు. తర్వాత చెరువులో ఊరేస్తారు. బెరడులోని జిగురు కరిగాక మొదలు దగ్గర పట్టుకుని లాగితే నార పొడవుగా ఊడొస్తుంది, లోపల తేలికైన తెల్లటి పుల్ల మిగులుతుంది. హెంప్ కూడా ఇదే పద్ధతి, ఐరోపాలో చెరువు బదులు చేలోనే పరిచి మంచుకు నాననిస్తారు. మంచి నేలలో ఇది చక్కటి పద్ధతి, రాలిన ఆకు ఎరువవుతుంది. పాడైన నేలలో చేస్తే మొక్క నాలుగు నెలలు కష్టపడి పైకి తెచ్చిన కాడ్మియం ఆకుతో పాటు మళ్లీ అదే మట్టిలో పడుతుంది. చెరువులో ఊరేస్తే చెరువు పాడవుతుంది. పంటచెత్త తగలబెడితే కాడ్మియంలో కొంత పొగలో పోతుంది, మిగిలింది బూడిదలో ఉంటుంది. నేల నుంచి లోహం తీయడమే మీ ఉద్దేశమైతే ఆకుతో సహా మొత్తం పంటను ఎత్తి, ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించాలి. దానికి మీరే డబ్బు కట్టాలి. అది ఆదాయం మాట అలా ఉంచి, ఖర్చు.

డబ్బు దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. హెంప్‌లో రైతుకు మంచి ధర పలికేవి గింజ, పువ్వు. గింజను, గింజ నూనెను ఆహారంగా అమ్ముకోవడానికి మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లో ఒప్పుకుంది. పువ్వు నుంచి సీబీడీ అనే, మత్తునివ్వని మందు పదార్థం తీస్తారు. ఈ రెండూ మనిషి నోట్లోకి పోయేవి. లోహాలున్న నేలలో పండితే గింజలోకీ వస్తాయి, పువ్వులోకీ వస్తాయి. కాబట్టి మీ పొలం నుంచి ఆ రెండూ అమ్మకూడదు. మిగిలింది నార, లోపలి పుల్ల. అవి చోటు ఎక్కువ పట్టే, ధర తక్కువ పలికే సరుకు. ఎండిన కాడ హెక్టారుకు 6 నుంచి 10 టన్నులు వస్తుంది, అందులో నార పావు వంతో కాస్త ఎక్కువో, మిగతాదంతా పుల్లా దుమ్మూ. లారీలో వేస్తే బండి నిండుతుంది కానీ తూగదు. మిల్లు దూరమైతే వచ్చిన డబ్బు కిరాయికే పోతుంది.

అమెరికాలోని కెంటకీలో జరిగింది చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. పొగాకు తగ్గిపోయి రైతులు ఇబ్బందుల్లో ఉన్న రాష్ట్రం అది. 2014 కేంద్ర చట్టంతో ప్రయోగాత్మకంగా, 2018 కేంద్ర చట్టంతో పూర్తిగా హెంప్‌కు తలుపులు తెరిచారు. అందరూ సీబీడీ వైపే పరిగెత్తారు. సరుకు పోటెత్తింది, ధర కూలిపోయింది, కొంటామని ఒప్పందాలు రాసుకున్న కంపెనీలు దివాలా తీశాయి, పండించిన రైతుల డబ్బు ఇరుక్కుపోయింది. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో 2021లో దేశం మొత్తం మీద 54,200 ఎకరాలు వేస్తే 2022కు 28 వేల ఎకరాలకు దిగింది. పంట విలువ 82.4 కోట్ల డాలర్ల నుంచి 23.8 కోట్లకు పడిపోయింది. అప్పు చేసి షెడ్లు కట్టినవాళ్లకు ఆ ఒక్క ఏడాది ఎంత టెన్షన్ అయి ఉంటుందో ఊహించండి.

ఫ్రాన్స్‌లో దీనికి పూర్తి భిన్నం. ట్రొయ్ పట్టణం దగ్గర ఓబ్ జిల్లా రైతులు 1973లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు, పేరు లా షాన్‌వ్రియేర్. మిల్లు రైతులదే. మొదట్లో సరుకంతా ప్రత్యేక రకం పేపర్లు తయారుచేసే పరిశ్రమకు పోయేది. తర్వాత పుల్లను గుర్రాల కింద పరిచే పరుపుగా, సున్నంతో కలిపి గోడలు కట్టే సామాగ్రిగా అమ్మడం నేర్చుకున్నారు. ఏ ఒక్కటీ పెద్ద లాభం కాదు, అన్నీ కలిసి నిలకడైన ఆదాయం. ఇప్పుడు ఐరోపా యూనియన్ హెంప్‌లో 60 శాతం పైగా ఫ్రాన్స్‌దే. ఊళ్లు బాగుపడటం అంటే ఇది, యాభై ఏళ్లుగా చేసుకుంటూ వచ్చిన పని. గమనించండి, వాళ్ల నేల కలుషితమైనది కాదు. నేల బాగుచేయడం, ఊరు బాగుచేయడం అనే రెండు కథలనూ వీడియోలు ఒకే చేలో కలిపేస్తున్నాయి.

సున్నంతో గోడ అన్నాను కాబట్టి ఒక ముచ్చట. ఎల్లోరా గుహల్లో బంకమట్టి పూతలో ఈ మొక్క ముక్కలు కలిపారని 2016లో మన పురావస్తు పరిశోధకులు ప్రకటించారు. పురుగు పట్టకుండా, చెమ్మ పీల్చుకుంటూ పదిహేను వందల ఏళ్లు నిలవడానికి అదీ ఒక కారణమని వాళ్ల అభిప్రాయం. ఈ సరుకుకు మన దగ్గరా భవిష్యత్తు ఉందని నేను నమ్ముతాను. పౌడీ గఢ్వాల్‌లో ఇప్పటికే దీంతో కట్టిన ఇల్లు ఉంది.

రేపు తెలంగాణ అనుమతి ఇచ్చినా ఐరోపా విత్తనం తెచ్చి చల్లితే పని కాదు. హెంప్ పగటి పొడవును బట్టి పూతకు వస్తుంది. పోలండ్‌లో జూన్‌లో పగలు 16 గంటలు దాటుతుంది, పూత రాకుండా కాడ పెరుగుతూనే ఉంటుంది. హైదరాబాద్‌లో అతి పెద్ద పగలు 13 గంటలు దాటీ దాటనట్టు ఉంటుంది. అక్కడి రకం ఇక్కడ మోకాలెత్తు రాకముందే పూతకు దిగి ఆగిపోవచ్చు, అప్పుడు నార ఎక్కడిది? హిమాలయాల నాటు రకాలు బాగా పొడుగెదుగుతాయి కానీ వాటిలో టీహెచ్‌సీ తరచుగా 0.3 దాటుతుంది. మన ఎండకు, మన పగటికి సరిపడే రకం తయారు కావడానికి విశ్వవిద్యాలయాలు ఏళ్ల తరబడి పనిచేయాలి.

సరే, మీ నాలుగెకరాలకు వద్దాం.

అన్నిటికన్నా ముందు, వాగు నీళ్లు ఇప్పటికీ పొలంలోకి వస్తున్నాయా? వానాకాలం పొంగినప్పుడు ఎక్కుతున్నాయా? బోరు నీళ్లు ఎలా ఉన్నాయి? కలుషితం చేసేది ఆగకుండా ఏ మొక్క వేసినా ఫలితం ఉండదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది, రైతులకు పరిహారం ఇవ్వాలన్న ఆదేశాలూ వచ్చాయి. మీ సర్వే నంబరు ఆ జాబితాల్లో ఉందో లేదో, మీ పెద్దవాళ్ల పేర పాత కాగితాలేమైనా ఉన్నాయో వెతకండి. నేల పాడుచేసినవాడు కట్టాల్సిన డబ్బును మొక్కతో పూడ్చుకునే అవసరం మీకు రాకూడదు.

తర్వాత మట్టి పరీక్ష. మామూలు భూసార పరీక్షలో నత్రజని, భాస్వరం, పొటాష్, పీహెచ్ లాంటివి ఉంటాయి, కాడ్మియం ఉండదు. భారలోహాలు కావాలని విడిగా అడగాలి. మొత్తం ఎంత ఉంది, మొక్కకు అందేది ఎంత ఉంది, రెండూ కావాలి. వాగు వైపు ఒక నమూనా, ఎత్తు మీద ఒకటి, మధ్యలో ఒకటి వేర్వేరుగా తీయండి, కలిపేయొద్దు. వాగు పక్క పొలాల్లో ఒక మడి బాగా పాడై, పక్క మడి దాదాపు బాగానే ఉండటం మామూలే. నాలుగెకరాల్లో ఎకరంన్నర మాత్రమే చెడిందని తేలితే మీ లెక్కలన్నీ మారిపోతాయి.

లోహాలు ఓ మోస్తరుగా ఉంటే వాటిని తీసేకన్నా కదలకుండా కట్టేయడం చవక. నేల ఆమ్లంగా ఉంటే సున్నం వేసి పీహెచ్ పెంచితే కాడ్మియం, సీసం మొక్కకు అందడం తగ్గుతుంది. బాగా మాగిన పశువుల ఎరువు కూడా సాయం చేస్తుంది. ఆర్సెనిక్ మాత్రం దీనికి విరుద్ధం, పీహెచ్ పెరిగితే అది ఇంకా కదులుతుంది. అందుకే రిపోర్టు రాకుండా సున్నం చల్లొద్దు. ఆర్సెనిక్ ఎక్కువుంటే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ మొక్క ఒకటి ఉంది, అది ఆర్సెనిక్‌ను నిజంగానే అసాధారణంగా పీలుస్తుంది. ఆ గుణాన్ని 2001లో ఫ్లోరిడాలో కనిపెట్టారు. నేలను శుభ్రం చేసే మొక్కలంటే ఇలాంటివి, హెంప్ వాటితో పోటీ పడలేదు.

పంట విషయానికొస్తే, లైసెన్సుల గొడవ లేనివి చాలా ఉన్నాయి. నార కావాలంటే గోగు ఉంది, కానీ మీ ఊళ్లో వేయమని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. చేలో గోంగూర కనిపిస్తే దారిన పోయేవాళ్లు రెండు గుప్పెళ్లు కోసుకుపోతారు, పచ్చడి చేసుకుంటారు. ఎంతని కాపలా కాస్తారు? జనుముకూ అదే ఇబ్బంది, పశువులు మేస్తాయి. మీ చోటుకు నాకు తోచేది బంతిపూల మొక్క. తినరు, కాడ్మియాన్ని బాగానే తట్టుకుంటుంది, హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గర్లోనే ఉంది, దసరాకు ధర ఉంటుంది. కోత అయ్యాక చెట్లను దున్నేయకుండా పీకి పక్కకు తీయండి, పశువులకు వేయొద్దు. వాగు గట్టు మీద వట్టివేరు వరుసలు పెడితే కొట్టుకొచ్చే మట్టి ఆగుతుంది. బాగా చెడిన ముక్కలో యూకలిప్టస్ గానీ సరుగుడు గానీ వేసి కలపకు వదిలేయొచ్చు. కలప కొనేవాళ్లు ఉన్నారో లేదో, కిరాయి ఎంత పడుతుందో ముందే కనుక్కోండి. సరుకు తీసుకునేచోటు దగ్గర్లో ఉండాలన్న లెక్క ఫ్రాన్స్ రైతులకు ఉపయోగపడింది, మీకూ అదే.

రిపోర్టు రాగానే కాడ్మియం, సీసం, ఆర్సెనిక్, క్రోమియం, నికెల్, పీహెచ్ అంకెలు ఏ మడివి ఆ మడికి రాసి పెట్టండి. బోరు నీళ్లది కూడా చేయించండి, ఇంట్లో తాగేది అదే అయితే మట్టికన్నా ముందు ఆ రిపోర్టే చూద్దాం.